పీఠము దిగుట

మన దేశమునందు సంఘమును స్థాపించుట కష్టము గాదు. ఏడుగురు కూడి నియమావళి వ్రాసికొని రిజిస్ట్రారు కచేరిలో దాఖలు చేసినచో సంఘమైపోవును. 1860వ సంవత్సరపు చట్టము నడచినప్పుడును ఇంతే. 2001లో ఆంధ్రప్రదేశమునకు వేరు చట్టము వచ్చిన తరువాతను ఇంతే. కష్టమంతయు స్థాపించినవాడు దిగుటయందున్నది. పఠనమందిరము గానిండు, భజనసమాజము గానిండు, నాటకసమాజము గానిండు, స్థాపకుడు బ్రదికియున్నన్నాళ్లు అతడే అధ్యక్షుడు. అతడు పోయిన పదునొకండవనాడు బీరువా తాళపుచెవి యెక్కడనున్నదో యెవరికిని తెలియదు. మేమెరిగిన యొక పల్లెలో ఇట్లే పుస్తకములన్నియు చెదలపాలైనవి. తాళము మాత్రము చెక్కుచెదరలేదు.

ఈ సంగతి నేడు వ్రాయుటకు మాకొక కారణము కలిగినది. మార్కాపురములో ఒక చిన్న సంఘమునకు పదునాలుగేండ్లు అధ్యక్షులమై యుండి, ఈ యేడు ఆ పదవిని విడిచితిమి. ఆ సంఘము చేయు పని విన్నచో చదువరులలో కొందరు నవ్వవచ్చును. మేము బొమ్మరైళ్లు చేయుదుము.

పిల్లలాట యని తలచువారు కొంచెము ఓపిక పట్టవలెను. ఈ పనికై లండనులో 1910లోనే పెద్దలొక సంఘము పెట్టుకొనిరి. అది నేటికిని నడచుచున్నది. అమెరికాలో దేశమంతటికిని కలిపి యొక సంఘము 1935లో వెలసినది. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1946లో పుట్టిన విద్యార్థిసంఘములో బల్లపైన కొండలు, ఇండ్లు తీర్చువారొక జట్టు, బల్లక్రింద తీగలు కూర్చువారొక జట్టుగా నేర్పడిరి. ఆ తీగల జట్టులోనివారు కొందరు తరువాత కంప్యూటరు విద్యకు మొదటి తరము వారైరి. మన దేశమున పూనాలో భావుసాహెబు జోషిగారు 1998లో చిన్నరైళ్ల ప్రదర్శనశాలను తెరచిరి. ఆయన తరువాత దానిని ఆయన కుటుంబమువారే నడుపుచున్నారు. ఇంటి సొత్తునకు వారసులుందురు. సంఘమునకు వారసులుండరు; చందా కట్టినవారుందురు. చిక్కంతయు అక్కడనే పుట్టుచున్నది.

మేము బల్లపై నిలుపదలచినది మా సీమ రైలుదారినే. గుంటూరునుండి గుంతకల్లునకు పోవు మీటరు గేజి దారిని పందొమ్మిదవ శతాబ్దపు చివరభాగమున దక్షిణ మరాటా రైల్వేవారు వేసిరి. దొనకొండ, మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరు దాటి, దిగువమెట్టనుండి ఆ దారి నల్లమల అడవిలోనికి దూరును. అక్కడ బొగద సొరంగము, దొరబావి వంతెన మా చిన్ననాటి వింతలు. బండి వంతెనపైకి రాగానే పెట్టెలోని ముసలివారు సయితము మాట మానెడివారు. 1990వ దశకమున బ్రాడుగేజి వచ్చినది. దారి వంతెనను తప్పించి వేరుగా పోయినది. ఆవిరియింజనుల కాలమున కళకళలాడిన దొనకొండ చిన్నబోయినది. తరువాత పైన విద్యుత్తీగలును వచ్చినవి. ఇందు విచారింపవలసినదేమియు లేదు. పూర్వము గుంటూరులోనో గుంతకల్లులోనో బండి మారవలసినవారు నేడు మారకయే పోవుచున్నారు. అయినను పోయిన దానిని ఒక గదిలోనైనను నిలుపవలెనని మాకు తోచినది.

కొలతలు విన్నచో ఇది ఆట యగునో కాదో తెలియును. మీటరు గేజి యనగా పట్టాల నడుమ 1,000 మిల్లీమీటర్లు. అందు 87వ వంతు పదునొకండున్నర. దానికి దగ్గరగా దొరకునది 12 మిల్లీమీటర్ల పట్టా. బ్రాడుగేజి 1,676 మిల్లీమీటర్లు. అందు 87వ వంతు పందొమ్మిదికి పైమాట. అట్టి పట్టా బజారులో సులభముగా దొరకదు గనుక 16.5 మిల్లీమీటర్లతో సరిపెట్టుకొనవలెను. మా మేడగది పొడవు 9 మీటర్లు. ఈ లెక్కన అందు పట్టునది నిజమైన దారిలో 783 మీటర్లు మాత్రమే. పది కిలోమీటర్ల ఘాటును ఉన్నదున్నట్లు చూపవలెనన్న 115 మీటర్ల గది కావలెను. అందుచేత ఏది విడువవలెను, ఏది నిలుపవలెననుటయే ఈ విద్యలో ప్రధానము. కొండలకు మాత్రము కరవు లేకపోయెను. మార్కాపురము పలకల యూరు. పలకలు కోయగా మిగిలిన రాతిముక్కలు గుట్టలుగా నుండును. వానిని పేర్చినచో నల్లమల కొండచరియ తానే వచ్చి కూర్చున్నట్లుండును.

దొరబావి వంతెనకు నాలుగేండ్లు పట్టినది. ఆ దారిలో ముప్పదియేండ్లు గ్యాంగుపని చేసి విశ్రాంతి పొందిన యొక పెద్దాయన ప్రతి ఆదివారము వచ్చి మా ప్రక్కన కూర్చుండెడివాడు. ఆయనకు చదువు రాదు. స్లీపర్లను వ్రేళ్లపై లెక్కించి దూరము చెప్పెడివాడు. మేము ఫొటోలు చూచి కొలిచిన కొలత తప్పని రెండుమారులు త్రోసివేసి, రెండుమారులును తనమాటయే నెగ్గించుకొనెను. వంతెనపై మొదటి బండి నడచిన మూడు నెలలకు ఆయన కాలము చేసెను.

సంఘము నడచునప్పుడు అధికారము ఒకనాడు వచ్చి మీద పడదు, దుమ్మువలె చేరును. జిగురు సీసా యెక్కడనున్నదని మొదట అడుగుదురు. తరువాత ఏ తీగ ఎక్కడికి పోవుచున్నదని అడుగుదురు. పదియేండ్లు గడచుసరికి చందా రసీదు పుస్తకము, గది తాళము, బాంకి సంతకము, పట్టాలు పంపు వర్తకుని చిరునామా, అన్నియు ఒక్క మనుష్యునియందే చేరియుండును. అతడు లేకున్న పని జరుగదను మాట పొగడ్తగా వినబడును. పాఠశాలలో ముప్పదియేండ్లు పనిచేసిన మాకు అది పొగడ్తగా వినబడలేదు. ఉపాధ్యాయుడు రాని దినమున తరగతి అల్లరియైనచో ఆ ఉపాధ్యాయుని మెచ్చుకొనువారెవరు? దిగవలెనని నిశ్చయించుకొనిన పిమ్మట రెండేండ్లు పనిగట్టుకొని తీగల పటములన్నియు రెండు పుస్తకములలో వ్రాసి, వానిని తాళములేని అరలో నుంచితిమి.

సభ్యులు ఒప్పుకొనలేదు. మీరుండగా వేరొకరేమిటనిరి. పిదప, పదవి విడిచినను యావజ్జీవ గౌరవాధ్యక్షులుగా నుండుడనిరి. ఈ గౌరవపదవి మన సంఘములకు పట్టిన పాత జబ్బు. మనుమని ముఖము చూచిన గృహస్థుని అడవికి పొమ్మని స్మృతికారులు చెప్పిరి. అందలి వైరాగ్యము మాట యెట్లున్నను లౌక్యము గొప్పది: అడవినుండి చూచినచో కోడలు కూరలో ఉప్పెంత వేయుచున్నదో కనబడదు! మా యింటిలో ఈ ప్రస్తావము రాగా మా భార్య యొకటే మాట అన్నది: "ఇచ్చేదేదో ఇచ్చేయండి. తాళాలిచ్చి గడపలో కూర్చునే అత్తగారిలా మాత్రం ఉండకండి." గౌరవపదవి మాకు వలదని మరునాడే వ్రాసి పంపితిమి.

ఎన్నికకు ఇద్దరు నిలిచిరి. ఒకరు పలకల వ్యాపారము చేయు పెద్దమనిషి. సంఘమునకు మొదటినుండి ధనసాయము చేసినవారు. రెండవది పాలిటెక్నిక్కులో విద్యుత్తు శాఖ చదివిన యిరువదియేడేండ్ల యువతి. ఆమె తండ్రి పలకల కార్ఖానాలో కూలి. బల్లక్రింది తీగలను మా తరువాత ఎరిగినది ఆమెయే. కొన్నిచోట్ల మాకంటె బాగుగ నెరుగును. "ఆడపిల్ల, రేపు పెండ్లయి పోతుంది, సంఘం గతేమిటి?" అని యొకరు లేచి అడిగిరి. అంతకుముందు మా కార్యదర్శులు నలుగురు మగపిల్లలు ఉద్యోగములు దొరకి హైదరాబాదునకో బెంగుళూరునకో పోయిరి. వారిని ఎన్నుకొనునప్పుడు ఈ ప్రశ్న యెవరికిని తోచలేదేమని మేము వేదికపైనుండి అడిగితిమి. అధ్యక్షులుగా మేమాడిన కడపటి మాట యదియే. అధ్యక్షస్థానమున నుంటిమి గనుక మేము చీటి వేయలేదు. ఆమెకు పండ్రెండు, ఆయనకు ఎనిమిది వచ్చినవి. ఆయన లేచి తానే ఆమెకు తాళపుచెవుల గుత్తి నందించెను. ఇట్టి పెద్దరికము ఆయనయందున్నదని మేమంతవరకు ఎరుగము.

ప్రకాశము జిల్లాకు పేరైన ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము 1954లో ఒక్క వోటు తేడాతో పడిపోయెను. దింపబడినవానికి లెక్క యొకటి చేతిలో నుండును. ఇంతమంది వద్దనిరని చెప్పుకొనవచ్చును. తనంత దిగినవానికి అట్టిదేమియు లేదు. మొదటి నెలలో సభ్యులు అలవాటున మా యింటికే వచ్చి తలుపు తట్టిరి. ఆమె నడుగుడని చెప్పి పంపుచుంటిమి. మజ్జిగ మాత్రమిచ్చితిమి.

రెండవ నెలలో అసలు పరీక్ష వచ్చినది. మీటరు గేజిని తీసివేసి, నేటి దారిని, అనగా విద్యుత్తీగలతో కూడిన బ్రాడుగేజిని వేయవలెనని ఆమె కార్యవర్గమునందు తీర్మానము పెట్టి, సభకు తెచ్చినది. సభకు ముందు మా యింటికి వచ్చి తానే చెప్పినది: "మాస్టారూ, ఆదివారం చూడడానికి వచ్చే పిల్లల్లో మీటరు గేజి చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్లు ఎక్కే రైలు మన దగ్గర లేదు. మీ ఎదురుగా అనకుండా సభలో అనడం నాకు ఇష్టం లేదు."

"నేను వ్యతిరేకంగా వోటు వేస్తానమ్మా" అంటిమి.

"వేయండి, మాస్టారూ."

సభలో పాతవారందరును మావైపే చూచిరి. మేము లేచి, ఒక సభ్యునికి నియమావళి యిచ్చు అయిదు నిమిషములు మాటలాడితిమి. గ్యాంగుపని చేసిన ఆ పెద్దాయన వ్రేళ్లపై లెక్కించిన స్లీపర్లను గూర్చియే చెప్పితిమి. ఒకరిద్దరు కన్నులు తుడుచుకొనిరి. పిమ్మట చేతులెత్తగా పదునొకండుగురు అటు, తొమ్మండుగురు ఇటు. మా చేయి ఆ తొమ్మిదింటిలో నుండెను. కన్నులు తుడుచుకొనినవారిలో ఒకరి చేయి ఆ పదునొకండింటిలో నుండెను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పదవి విడిచిననాడు పట్టినది. తాళములిచ్చుటవలన పోయినదేమియు లేకుండెను. చేయుపని యొక్కటే తగ్గినది. వంతెన మాట వచ్చినప్పుడు గాని, మేమిచ్చినదేమో మాకు తెలిసిరాలేదు. మేము కట్టినది ఇతరులు తీసివేయుటకు వీలులేని సంఘమైనచో అది మా యిల్లే గాని సంఘము గాదని మేమే యితరులకు పలుమారులు చెప్పియుంటిమి. చెప్పినప్పుడు ఆ వాక్యము చక్కగా నున్నదని తోచెడిది.

వంతెనను ఏమి చేయుదురో యింకను తేలలేదు. తీసి బీరువాపై నుంచవలెనని కొందరు, గిద్దలూరు పాఠశాల కీయవలెనని కొందరు అనుచున్నారు. ఆమె మా కొలతల పుస్తకము తీసికొనిపోయి, ఒక్కొక్క స్తంభము ఎత్తును తిరిగి కొలిచి సరిచూచుకొనుచున్నదట. ఎందులకని మేమడుగలేదు. ఈ యేటి చందా కట్టి రసీదు పుచ్చుకొంటిమి. పదునాలుగేండ్లలో పరుల చేతి రసీదు పుచ్చుకొనుట ఇదియే మొదలు. నిన్న ఒక పిల్లవానిచేత ఆమె చీటి పంపినది: "ఆదివారం పది గంటలకు పట్టాలు తీయడం మొదలుపెడతాం. మీ చిన్న స్క్రూడ్రైవరు తీసుకురండి, మన డబ్బాలోది అరిగిపోయింది."