మూడు నెలలకి రెండు ఎంట్రీలు

18 ఆగస్టు 2024, కోహ్కా, భిలాయ్

రాత్రి ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. మానా ఎయిర్‌పోర్ట్ నుంచి కుమ్హారి దాకా ఒకటే వాన. అమ్మ మేలుకునే ఉంది. తినేశానంటే నమ్మలేదు.

పాత పుస్తకం వెనక పేజీల్లో ఎయిర్‌పోర్ట్ లాంజ్‌ల గురించి గీకినవన్నీ ఇందులోకి ఎక్కించాను. ఊరు, టైము, ఏం పెట్టారు, ఏది వేడిగా ఉంది, కుర్చీ ఎలా ఉంది, బాత్‌రూమ్ ఎలా ఉంది. నచ్చినవాటి పక్కన చుక్క.

వరసగా చూస్తుంటే ఒకటి కనపడింది. రకాలు ఎక్కువున్న చోట చుక్కల్లేవు. రాజ్మా, పనీర్, పాస్తా, నూడుల్స్, రెండు సూపులు, నాలుగు స్వీట్లు... అన్నీ మూతల కింద గంటలకొద్దీ మగ్గుతుంటాయి. అన్నం అంచులు ఎండిపోయి ఉంటాయి. పెనం మీద అప్పటికప్పుడు దోసె పోసిచ్చే మనిషి ఒక్కడుంటే చాలు. చుక్కలన్నీ అక్కడే.

రెండో సంగతి, టైము. పొద్దున పదిన్నర నుంచి పదకొండున్నర మధ్య ఏ లాంజ్‌కీ వెళ్ళకూడదు. టిఫిన్లు తీసేస్తారు, భోజనం ఇంకా రాదు. బిస్కెట్లు, కట్ ఫ్రూట్.

1 సెప్టెంబర్

స్టీల్ ప్లాంట్‌లో కన్వర్టర్ షట్‌డౌన్, రెండు రాత్రులు. లైనింగ్ ఇటుకల దుమ్ము గొంతులో ఇంకా ఉంది. తెల్లవారుజామున ఎయిర్‌పోర్ట్. స్నానానికి చోటుందా అని అడిగాను, లేదన్నారు. దేశీయ ప్రయాణాల లాంజ్‌లలో షవర్ ఉన్నవి అరుదు. మొహం కడుక్కుని, వేడివేడి పప్పులో అన్నం కలుపుకుని తిన్నాను. ఐదు గంటలకి పప్పన్నమేంటన్నట్టు చూసింది పక్కనావిడ. ఆకలికి టైమేంటి?

కాఫీ మెషీన్‌లో ఏ బటన్ నొక్కినా అదే రుచి. మజ్జిగ బాగుంది.

ఇలాంటి పొద్దుల్లో ఆ కుర్చీ, ఆ గిన్నెడు పప్పు ఎంత విలువైనవో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

23 సెప్టెంబర్

నిన్న లాంజ్ దగ్గర నా క్రెడిట్ కార్డు పని చెయ్యలేదు. నాకొక్కదానికే కాదు. చాలా ఎయిర్‌పోర్టుల్లో ఇదే గొడవని ఇవాళ పేపర్లో వేశారు. బ్యాంకుకీ లాంజ్‌కీ మధ్య ఇంకో కంపెనీ ఉంటుంది. అక్కడ ఆగిపోయింది.

మనం రెండు రూపాయల స్వైప్ చూసి ఉచితమనుకుంటాం. మనిషికింతని వందల్లో కడుతున్నది బ్యాంకు. ఆ లెక్క వాళ్ళకి బరువైనకొద్దీ షరతులు పెరుగుతున్నాయి. ఇప్పుడు నా కార్డుకి, ముందు మూడు నెలల్లో 35 వేలు ఖర్చు పెడితేనే తర్వాతి మూడు నెలల్లో లాంజ్. అదీ రెండే ఎంట్రీలు.

గేటు దగ్గర సమోసా కొన్నాను. ధర రాయను.

12 నవంబర్, ఢిల్లీ

ఇవాళ్టి నుంచి విస్తారా లేదు. ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. బోర్డు మీద ఆ పేరు వెతికాయి కళ్ళు. మూడో టెర్మినల్‌లో వాళ్ళ లాంజ్‌లోకి ఒక్కసారి మా డైరెక్టర్‌గారి వెంట వెళ్ళాను. పెద్దదేం కాదు. కానీ ప్లేటు ఖాళీ అవగానే ఎవరో ఒకరు తీసేవారు, ఇంకేమైనా కావాలా అని అడిగేవారు. ఆ అడగటం గుర్తుంది, తిన్నది గుర్తులేదు.

లాంజ్ అనేది 1939లో న్యూయార్క్ లాగార్డియాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ అడ్మిరల్స్ క్లబ్‌తో మొదలైందట. అప్పట్లో పిలుపు అందినవాళ్ళకే ప్రవేశం. డబ్బు కట్టి చేరటం చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

రాయ్‌పూర్ నుంచి ఎగిరేవాళ్ళకి ఇవేవీ పట్టవు. మాకున్నవి ఎక్కువగా ఇండిగోలే. ఇండిగోకి సొంత లాంజ్ లేదు. ఎన్నిసార్లు ఎగిరినా తలుపు తీసేది కార్డే.

3 డిసెంబర్, హైదరాబాద్

నాన్న కంట్లో ఇంజెక్షన్ అయింది. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో. షుగర్ వల్ల రెటీనాలో నీరు చేరింది. నెలనెలా కొన్నాళ్ళు రావాలి. విమానం ఎక్కొచ్చా అని రెండుసార్లు అడిగాను. కంట్లో గ్యాస్ నింపితేనే ఎక్కకూడదట. ఇది మందే, పర్లేదన్నారు.

ఎయిర్‌పోర్ట్‌లో ఒంటిగంట. నాన్న ఇన్సులిన్ టైము. లాంజ్‌లో నా కార్డు మీద ఒక్కరికే. తోడు వచ్చినవాళ్ళకి విడిగా కట్టాలి, వెయ్యి దాటింది. కడతానన్నాను.

"వెయ్యి రూపాయలెట్టి ఇడ్లీ తింటామేటమ్మా? నువ్వెళ్ళు. నానిక్కడే కూకుంటాను. బేగి తినేసి రా."

వెళ్ళలేదు. కుర్చీల వరసలో కూర్చుని స్టీలు బాక్సు విప్పాను. చోడిరొట్టె, తెలగపిండి కూర. ఆయన చొక్కా కొంచెం పైకెత్తి పెన్ను గుచ్చుకుంటుంటే ఎదుటి కుర్రాడు మొహం తిప్పుకున్నాడు. ఒక కంటికి కట్టు. పైన లాంజ్ బోర్డు వెలుగుతోంది.

భిలాయ్ స్టీల్ ప్లాంట్ (బీఎస్పీ) కోకోవెన్స్‌లో మూడు షిఫ్టులూ చేసిన మనిషి. రాత్రి డ్యూటీ క్యాంటీన్‌లో ఏది దొరికితే అది తిన్న మనిషి. ఇప్పుడు గంట తప్పితే చేతులు వణుకుతాయి.

ఆయన ఆ తలుపు లోపలికి ఎలా రావాలి?

22 డిసెంబర్, కోహ్కా

చలి. నాన్న ఎండలో కుర్చీ వేసుకుని, నా చేత పేపర్ చదివించుకున్నారు. నిన్న కోల్‌కతా ఎయిర్‌పోర్ట్‌లో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచారు. టీ 10, నీళ్ళ సీసా 10, సమోసా 20. తెరిచింది విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు.

"మన ఎర్రన్నాయుడి కొడుకే గదా" అన్నారు నాన్న. నాలుగు దశాబ్దాలుగా భిలాయ్‌లో ఉన్నా శ్రీకాకుళం పేరొస్తే గొంతు మారుతుంది. "పది రూపాయల టీ ఎట్టేడు. అదీ మాట."

19 జనవరి 2025, కోల్‌కతా

బర్న్‌పూర్ పని మీద. ఆ కేఫ్ చూశాను. జనం బాగా ఉన్నారు. టీ తాగాను, బాగుంది. సమోసా వేడిగా ఉంది. పసిపిల్లనెత్తుకున్న ఒకామె నీళ్ళ సీసా రేటు రెండుసార్లు అడిగి నిర్ధారించుకుని, రెండు కొంది.

తర్వాత లాంజ్‌కీ వెళ్ళాను. చేపల కూర మంచిది, ఆవపిండి ఘాటు ముక్కుకి తగిలింది. చుక్క పెట్టాను.

రెండూ ఒకే రోజు. ఏది ఎక్కువ అని అడిగితే? ఒళ్ళు అలిసినప్పుడు లాంజే. కానీ ఇంకో ఊళ్ళో ఇలాంటి కేఫ్ లేదని తెలిసినప్పుడు కోపం వస్తోంది, ఇదివరకు వచ్చేది కాదు.

9 మార్చి, ఫ్రాంక్‌ఫర్ట్

డ్యూయిస్‌బర్గ్ పని అయింది. నాగ్‌పూర్ నుంచి వచ్చిన మా సీనియర్‌కి ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్‌లో గోల్డ్ ఉంది. గోల్డ్ అంటే స్టార్ అలయన్స్ గోల్డ్ కూడా. ఆ కార్డున్నవాళ్ళు వెంట ఒకరిని తీసుకెళ్ళొచ్చు. నన్ను తీసుకెళ్ళారు, లుఫ్తాన్సా సెనేటర్ లాంజ్‌కి. బిజినెస్ లాంజ్ వేరే, ఇది దానికన్నా ఒక మెట్టు పైనట.

వేడి సూపు, ఉడికించిన బంగాళాదుంపల సలాడ్, ఉప్పు రవ్వలద్దిన ప్రెట్జెల్. రకాలు కొద్దే. ఉన్నవన్నీ బాగున్నాయి. బీరు కుళాయి తిప్పి ఎవరిది వాళ్ళే పట్టుకుంటున్నారు, ఎవరూ లెక్క రాయటం లేదు. మన దేశీయ లాంజ్‌లలో చాలాచోట్ల మందుకి విడిగా బిల్లు. నాకు ఆ సంగతితో పనిలేదు గానీ మా సీనియర్ చాలాసేపు అదే మాట్లాడారు.

నేను మాత్రం ఆ 'వెంట ఒకరు' దగ్గరే ఆగిపోయాను. ఆ నియమం రాసినవాళ్ళెవరో, మనిషి ఒంటరిగా తినడని తెలిసినవాళ్ళు.

గోల్డ్ నాకు ఎప్పటికొస్తుంది? రాయ్‌పూర్ నుంచి ఇండిగోల్లో తిరుగుతుంటే, ఎప్పటికీ రాదు.

31 మార్చి, కోహ్కా

నిన్న ఉగాది. సెక్టార్ 5 బాలాజీ గుడిలో పంచాంగ శ్రవణం. విశ్వావసు. నాన్న రాశికి ఆదాయం కన్నా వ్యయం ఎక్కువ చెప్పారు, అమ్మ నా వైపు చూసింది.

ఇవాళ మూడు నెలల గడువు ఆఖరు. 35 వేలకి ఇంకా కొంత తక్కువ. సుపేలా వెళ్ళి నెలకి సరిపడా కిరాణా, నాన్న మందులు, పక్కింటివాళ్ళ కూలర్ కూడా నా కార్డు మీదే కొన్నాను. వాళ్ళు డబ్బు చేతికిచ్చేశారు.

దాటింది.

2 మే

నా కార్డుకి యాడ్-ఆన్ కార్డు వచ్చింది. దాని మీద నాన్న పేరు అచ్చయి ఉంది. బొటనవేలితో ఆ అక్షరాలు తడిమి చూసుకున్నారు. "బీఎస్పీ గేటు పాస్ మీద ఉన్నట్టే ఇంటిపేరు ముందేసేరు."

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పూర్తిగా అడిగాను. యాడ్-ఆన్ మీద లాంజ్ ఉంది. కానీ కోటా ఇద్దరికీ కలిపి ఒకటే. మూడు నెలలకి రెండు. అంటే ఇద్దరం కలిసి ఒక్కసారి. లేదా నేను రెండుసార్లు, ఆయన సున్నా.

24 మే, హైదరాబాద్

రెండు ఎంట్రీలూ ఇవాళ్టికి దాచాను. ఇంజెక్షన్ అయ్యాక, తిరుగు ప్రయాణంలో. పొద్దున వెళ్ళేటప్పుడు ఇంట్లో తినే బయల్దేరతాం, అప్పుడు అక్కర్లేదు.

ఎన్‌కామ్ లాంజ్. నాన్న తన కార్డు తనే ఇచ్చారు. మెషీన్ కాగితం ఊడేదాకా నేను ఊపిరి బిగబట్టాను.

పన్నెండుంపావు. భోజనాలు పెట్టేశారు. ముందు ఆయన్ని తిప్పి వంటకాలన్నీ ఒకసారి చూపించాను, మూతలు ఎత్తి పేరు చెబుతూ, ఎందుకంటే ఒక కన్ను కట్టు, రెండో దానికి మసక. "అన్నం కొంచెం. పప్పు. అదేటి, బెండకాయా? అదెయ్యి." పెరుగు. స్వీట్ల దగ్గర ఆగి, వాసన చూసి, ముందుకి నడిచారు. ఆయన కూర్చున్నాక ఇన్సులిన్. పదిహేను నిమిషాలు ఆగాలి. బయట అయితే ఆ పదిహేను నిమిషాలూ ప్లేటు పట్టుకుని నిలబడాలి. ఇక్కడ బల్ల ఉంది. ప్లేటు మీద మూత పెట్టి ఉంచింది అక్కడి అమ్మాయి, అడగ్గానే.

సాంబారులో ఉప్పు తక్కువన్నారు. పప్పుకి మాత్రం తల ఊపారు. రెండోసారి వేయించుకున్నారు.

"ఇది రోజూ వండుతారా? ఇంతమందికీ?" అని ఆ అమ్మాయినే అడిగారు. రోజుకి మూడు షిఫ్టులని చెప్పింది. "అయితే మనోళ్ళే" అన్నారు.

నేనేం తిన్నానో రాయలేదు. గుర్తు లేదు.

22 జూన్

షట్‌డౌన్ నుంచి. లాంజ్ ముందు నుంచే నడిచాను, ఎంట్రీలు లేవు. గేటు దగ్గర అమ్మ పెట్టిన పులిహోర. పాత చుక్కల జాబితాకి ఇవాళ ఏమీ కలవలేదు.

కంపెనీ ఇచ్చే భోజన భత్యం ఇలాంటప్పటికే కదా.

20 జులై

విజయనగరం వెళ్ళొచ్చాం, పెద్దనాన్న సంవత్సరీకానికి. దుర్గ్‌లో తెల్లారి 5.45కి వందే భారత్. మొన్న సెప్టెంబర్‌లో వేశారు ఈ బండి. అంతకు ముందు రాత్రంతా ప్రయాణమే.

సీటు దగ్గరికే టిఫిన్ వచ్చింది. ఇన్సులిన్‌కి సరిగ్గా టైము. నాన్న పరమానందం. "లాంజూ వద్దు, కార్డూ వద్దు. కూకున్న చోటకే తెచ్చి ఎట్టేరు." టికెట్‌లోనే ఆ డబ్బు కలిపారని చెప్పలేదు. ఆయనకి తెలుసు.

హైదరాబాద్‌కి ఇలాంటి బండి ఎప్పుడేస్తారో?

17 సెప్టెంబర్, కోహ్కా

మధ్యవర్తి కంపెనీ డ్రీమ్‌ఫోక్స్ నిన్నటితో దేశీయ లాంజ్‌ల సేవ ఆపేసిందట. బ్యాంకులు, లాంజ్‌లు నేరుగానో ఇంకెవరి ద్వారానో చూసుకుంటాయి. నా బ్యాంకుకి ఫోన్ చేశాను. పాత షరతులే, కార్డు చూపిస్తే చాలన్నారు. యాడ్-ఆన్ సంగతి అడిగాను. అదీ అంతే అన్నారు. కాగితం మీద పంపండన్నాను. మెయిల్ కోసం చూడాలి.

ఆసుపత్రి నుంచి మెసేజ్. అక్టోబర్ రెండో వారం. ఎడమ కంటిలో నీరు తగ్గిందట, ఇంక రెండు నెలలకోసారి చాలు.

అక్టోబర్ అంటే కొత్త కోటా. రెండూ ఆ తిరుగు ప్రయాణానికే. కార్డు రెన్యూవల్ ఫీజు కూడా అదే నెల. కడతాను.

ఈ మూడు నెలల ఖర్చు 35 వేలకి ఇంకా ఆరు వేలు తక్కువ. ముప్పయ్యో తారీఖు లోపల. ఇన్సులిన్ పెన్నులు ఒకేసారి కొనేస్తే? ఫ్రిజ్‌లో చోటు ఉంటుందో లేదో అమ్మని అడగాలి. ఎక్స్‌పైరీ కూడా చూడాలి.