దిల్ ఘబ్రారా

బైపాస్ అయిన పన్నెండో రోజు, రాత్రి ఒకటిన్నరకి బేగమ్‌ని లేపాను. "క్యా హువా జీ?" అంది. "దిల్ ఘబ్రారా" అన్నాను.

నొప్పి లేదు. చెమటలు పోస్తున్నాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. అరగంటలో తమ్ముడు కారు తెచ్చాడు. వికారాబాద్ నుంచి మన్నెగూడ, చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా హైదరాబాద్. ఆ రోడ్డు పక్క మర్రిచెట్లను నరకొద్దని ఎన్నిసార్లు వార్తలు రాశానో లెక్కలేదు. ఆ రాత్రి మాత్రం హెడ్‌లైట్ల వెలుతుర్లో ఒక్కో మర్రి దాటుతుంటే ఒక్కోసారి కలిమా చదువుకున్నా. దవాఖానాలో ఈసీజీ, ఎక్స్‌రే, రక్తపరీక్ష అన్నీ చేశారు. అన్నీ బాగున్నాయన్నారు. ఫజర్ వేళకి ఇంటికి పంపించేశారు.

మూడు రోజులకి మళ్లీ అదే. ఈసారి వికారాబాద్‌లోనే ఈసీజీ తీయించాం. అదీ బాగానే ఉంది. మూడోసారి వచ్చినప్పుడు ఎవరికీ చెప్పలేదు. గుసల్‌ఖానాలో నల్లా విప్పి, ఆ చప్పుడులో కూర్చున్నా.

ఆపరేషన్ 2025 జనవరిలో అయింది. ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, కాలిలోంచి ఒక నరం తీసి, ఛాతీ లోపలి రక్తనాళం ఒకటి మళ్లించి, గుండెకి మూడు కొత్త దారులు వేశారు. ఎముకని స్టీలు తీగలతో కట్టి మూసేశారు. ఆరోగ్యశ్రీ ఉండబట్టి ఇంటి కాగితాలు బయటికి రాలేదు, అల్‌హమ్దులిల్లా. ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టారు. బరువులు ఎత్తొద్దు, దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకోవాలి, మూడు బంతుల డబ్బాతో ఊపిరి కసరత్తు చేయాలి, ఉప్పు తగ్గించాలి. అన్నీ ఉన్నాయి. ఘబ్రాహట్ గురించి ఒక్క ముక్క లేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "అల్లా పె భరోసా రఖో మియా." మంచి మాటే. కానీ రాత్రి పూట అది నాకు వేరేగా వినపడేది. భరోసా ఉంటే భయం ఎందుకు? భయం ఉందంటే ఈమాన్ తక్కువైనట్టేగా? కుర్చీలో కూర్చుని నమాజ్ చేస్తున్నా. సజ్దా ఇషారాతోనే, తల కొంచెం వంచడమే. నుదురు నేలకి తగలకపోతే నా భయాన్ని ఎక్కడ దింపుకోవాలో నాకు తెలియలేదు.

ఖాలా ఒక్కతే వేరేగా మాట్లాడింది. హుజూర్ (స.అ.వ.) బచ్‌పన్‌లో దాయీ హలీమా దగ్గర పెరుగుతుండగా ఫరిష్తాలు వచ్చి సీనా చాక్ చేసిన వాఖియా చెప్పింది. నేను మధ్యలోనే ఆపాను. "తౌబా ఖాలా, ఆయన ఎక్కడ, నేనెక్కడ!" "నీ గురించి చెప్తలేను రా, హలీమా గురించి చెప్తున్న" అంది. ఆ సంగతి తెలిశాక హలీమా ఎంత భయపడిందంటే, బిడ్డను తీసుకెళ్లి తల్లికి అప్పజెప్పింది. "ఆ తల్లికి ఈమాన్ లేదంటవా?" అంది ఖాలా. సీరత్ కితాబుల్లో ఈ వాఖియా ఎన్నిసార్లు చదివానో! హలీమా భయం మీద మాత్రం నా కన్ను ఎప్పుడూ ఆగలేదు.

ఫిబ్రవరి చివర్లో రివ్యూకి వెళ్లాను. గుండె దడగా ఉంటోందని డాక్టరుకి చెప్పాను. ఆయన కాగితాలు పక్కన పెట్టి అడిగాడు: "దడా, ఆందోళనా?"

నేను జవాబివ్వలేకపోయా. పదో తరగతి దాకా నాది తాండూర్‌లో ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగు, రోజీ తెలుగు. రోజూ తెలుగులోనే రాస్తాను. కానీ జబ్బు నాకు ఉర్దూలోనే వచ్చింది. మా అమ్మీకి బీపీ పెరిగితే ఘబ్రాహట్, గ్యాస్ పట్టినా ఘబ్రాహట్, మయ్యత్ ఇంటికి వెళ్లొచ్చినా ఘబ్రాహటే. గుండె వేగంగా కొట్టుకోవడానికీ, మనసు బెదరడానికీ మా ఇంట్లో ఒకటే మాట. తెలుగు కూడా ఏం తక్కువది కాదు, గుండె జారుతుంది, గుండె చెరువవుతుంది. కానీ డాక్టర్ ముందు కూర్చుంటే అది రెండు మాటలు ఇస్తుంది, ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. నేను ఇంట్లో ఘబ్రాహట్ అని, దవాఖానాకొచ్చి దడ అని చెప్తున్నా. దడ అంటే వాళ్లు ఈసీజీ తీస్తారు. తీశారు. రెండో మాట నేను ఎక్కడా అనలేదు.

"రెండోది" అన్నాను చివరికి.

ఆయన ఆశ్చర్యపోలేదు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత ఆందోళన, దిగులు చాలామందికి వస్తాయన్నాడు. కొన్ని వారాలు గుండె మామూలు కంటే వేగంగానే కొట్టుకుంటుంది, ఛాతీ ఎముక అతకడానికి రెండు నెలలైనా పడుతుంది, నిద్ర ముక్కలవుతుంది. కొంచెం వేగం తెలియగానే మనసు అది మళ్లీ అటాక్ అనుకుంటుంది, ఆ భయానికి వేగం ఇంకా పెరుగుతుంది. మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టడం నేర్పాడు. ఊపిరి పీల్చడం కంటే వదలడం పొడుగ్గా ఉండాలన్నాడు. ఛాతీ మీద బండ పెట్టినట్టు నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, నాడి అడ్డదిడ్డంగా కొట్టుకోవడం, జ్వరం, కుట్ల దగ్గర చీము ఉంటే మాత్రం మనసు, గుండె అని విడదీస్తూ కూర్చోకుండా వెంటనే రమ్మన్నాడు. ఆందోళన వారాల తరబడి తగ్గకపోతే దానికీ మందులున్నాయి, సిగ్గు పడేది ఏముంది అన్నాడు.

మార్చి 2న రంజాన్ మొదలైంది. నాకు రోజాలు మాఫ్, తర్వాత కజా చేసుకోవాలి. ఇంట్లో అందరూ సహ్రీకి లేస్తే నేనూ లేచి, మధ్యాహ్నం తినబోయేవాడిగా సిగ్గుపడుతూ ఒక మూల కూర్చునేవాణ్ణి. ఒక రాత్రి సహ్రీకి ఇంకా రెండు గంటలుండగా మళ్లీ అది వచ్చింది. నాడి చూశా. వేగంగా ఉంది, వరస తప్పలేదు. ఫోన్ తీసి 14416 నొక్కాను. 2022 అక్టోబర్‌లో టెలి మానస్ మొదలైనప్పుడు ఆ నంబరు మీద నాలుగు లైన్ల వార్త రాసింది నేనే. అది ఎవరి కోసమో అప్పుడు ఆలోచించలేదు.

అవతల ఒకమ్మాయి. తెలుగులోనే మాట్లాడింది. దేనికి భయం అని అడిగింది. చావుకి అని చెప్పబోయి ఆగాను. అది కాదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు తాండూర్‌లో ఒక తెల్లవారుజామున అబ్బాని ఫజర్‌కి లేపి రమ్మని అమ్మీ నన్ను గదిలోకి పంపింది. అబ్బా లేవలేదు. ఆ గది బండల నేల ఎంత చల్లగా ఉందో నా అరికాళ్లకి ఇంకా తెలుసు. ఇప్పుడు మా ఇంట్లో నన్ను ఫజర్‌కి లేపేది మా చిన్న కూతురు. నేను నిద్రపోవడానికి భయపడుతున్నది అందుకు.

ఈ మాట బేగమ్‌కి కూడా చెప్పలేదు. ముక్కూమొహం తెలియని అమ్మాయికి చెప్పేశా. తర్వాత చాలాసేపు ఏడ్చాను, ఛాతీకి దిండు హత్తుకుని, ఎందుకంటే ఏడ్చినా కుట్లు లాగుతాయి. సహ్రీకి లేచిన బేగమ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నదట. మర్నాటి నుంచి నన్ను లేపడానికి తనే వచ్చింది.

ఈద్ మార్చి 31న అయింది. ఆ వారంలోనే వికారాబాద్ స్టేషన్‌లో రైలెక్కి ఒక్కణ్ణే తాండూర్ వెళ్లాను. బేగమ్ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. అదే ఇంట్లో ఇప్పుడు ఆపా వాళ్లు ఉంటున్నారు. అబ్బా బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తూ ఒక్కొక్కటి తెచ్చి పరిచిన నేల, అదే నీలం రంగు. ఆపా ఉప్పు తగ్గించి తాండూర్ కందిపప్పుతో ఖట్టీ దాల్ చేసి, ఇదేం దాల్, దీనికి మజా ఏముందని తనే తిట్టుకుంది. ఆ గదిలోనే పక్క వేయమన్నాను. ఆమె నా మొహం చూసి, ఏమీ అడక్కుండా వేసింది.

రాత్రి ఒకసారి మెలకువొచ్చింది. నాడి చూసుకున్నా, 82. మళ్లీ పడుకున్నా.

తెల్లారి అజాన్ వినపడి కళ్లు తెరిచేసరికి ఆపా గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రాలేదు, పిలవలేదు. నా ఛాతీ కేసే చూస్తోంది. ఆ రోజు నా వెనకాలే ఈ గుమ్మం దాకా వచ్చింది ఆపాయే, అప్పుడు తనకి పదహారేళ్లు.

"జిందాచ్ హూఁ ఆపా" అన్నాను.

"చుప్ రే! సుబే సుబే కైసే బాతాఁ కర్‌రా" అని కసిరి, దుపట్టాతో మొహం తుడుచుకుని, చాయ్‌లో చక్కెర వెయ్యాలా వద్దా అని అడిగింది.