ఒరుగు వేరు, అదురు వేరు

మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయం ముందున్న గాలిగోపురం 11 అంతస్తులతో 153 అడుగుల ఎత్తున నిలిచి ఉండగా, దానిని 1807–09 మధ్య రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించినట్లు చరిత్ర చెబుతున్నది. భక్తులు, శిల్పకళాభిమానులు ఈ ఊరికి వచ్చే కారణాలు తెలిసినవే గాని, టెలిస్కోపును మోసే దిమ్మె, అనగా ఖగోళ పరిశీలకులు ‘పియర్’ అని పిలిచే స్తంభం, ఎందుకు కదులుతుందో తెలుసుకోదలచినవారికి కూడా ఇక్కడ చూడదగినవి రెండున్నాయి: ఒకటి ఈ గోపురం, రెండవది దానికి కూతవేటు దూరంలోని చేనేత మగ్గం.

గోపురం పాదం దగ్గర నిలిచి తల పైకెత్తితే, ఎత్తుతో పోల్చినప్పుడు దాని వెడల్పు ఎంత తక్కువో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కట్టడం పూర్తయ్యాక ఇది ఒక పక్కకు ఒరిగిందనీ, శిల్పుల సలహా మేరకు ఎదుట కోనేరు తవ్వించగా తిరిగి నిటారైందనీ స్థానికంగా ఒక కథనం వాడుకలో ఉంది. ఈ కథను కొట్టిపారేయవలసిన పని లేదు. ఇటలీలోని పీసా గోపురాన్ని 1999–2001 మధ్య సరిదిద్దిన ఇంజనీర్లు చేసినది కూడా ఇటువంటిదే. గోపురం ఏ పక్కకు వాలిందో దానికి ఎదురు పక్కన, అనగా పైకి లేచిన అంచు కింద, మట్టిని కొద్దికొద్దిగా తోడివేయగా, ఆ అంచు దిగి, వాలు సుమారు అర డిగ్రీ తగ్గింది. వాలిన పక్కనే తవ్వితే మాత్రం ఫలితం విపరీతమవుతుంది కనుక, మంగళగిరి కథలో తవ్వకం కంటె దాని దిక్కే ముఖ్యం.

ఒరుగు నెమ్మదైన వ్యాధి. అమరావతి వైపు పరచుకొన్న నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని, వేసవిలో చెయ్యి దూరేటంత పగుళ్లు విచ్చే స్వభావం కలది. అటువంటి నేలలో రెండడుగుల గుంత తీసి కాంక్రీటు పోసిన దిమ్మె అదరకపోయినా, కార్తెలు మారేకొద్దీ ఇటూ అటూ వాలుతూ, ధ్రువతార వైపు గురిపెట్టిన టెలిస్కోపు అక్షాన్ని తప్పిస్తూ ఉంటుంది. దీనికి మందు దిమ్మెను బరువెక్కించడం కాదు, పునాదిని ఉబ్బే పొరను దాటించి కిందికి దించడం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసం రూపొందించిన అండర్‌రీమ్డ్ పైలు, అనగా అడుగున గంటలాగా ఉబ్బెత్తుగా తవ్వి కాంక్రీటు పోసిన స్తంభం, ఆ పని చేస్తుంది.

అదురు సంగతి తెలియాలంటే మగ్గం దగ్గరికి వెళ్లాలి. ఇక్కడి గుంత మగ్గంలో నేతగాడు నేల అంచున కూర్చొని, కాళ్లు గుంతలోకి వేలాడేసి తొక్కుడుచెక్కలను తొక్కుతుండగా, నాడె పడుగులో నుంచి దూసుకుపోయిన వెంటనే పలక వచ్చి పేకను కొడుతుంది; ఆ దెబ్బ మగ్గం గుంజల గుండా నేలలోకి దిగి, పక్కన పెట్టిన చెంబులోని నీటి మీద సన్నని వలయాలుగా కనిపిస్తుంది. మగ్గం ఎంత గట్టిగా పాతినదైనా, గట్టిదైనందువల్లనే, కదలికను చుట్టూ ఉన్న నేలకు అందిస్తున్నది. పరిశీలకుడు నడిచే గచ్చును టెలిస్కోపు దిమ్మెతో కలిపి పోసినప్పుడు జరిగేది కూడా ఇదే, కాకపోతే దిక్కు మారుతుంది: అడుగుల అదురు గచ్చు మీదుగా దిమ్మెకు ఎక్కుతుంది. అందువల్ల రెంటి మధ్య చుట్టూ బెత్తెడు ఖాళీ విడవడం తప్పనిసరి. మేడ మీద కట్టేవారికి ఈ సౌకర్యం ఉండదు గనుక, దిమ్మెను శ్లాబు నడుమ కాక, కింద స్తంభం గాని దూలం గాని ఉన్నచోట నిలపడం మేలు.

ఎంత కదిలితే ఎంత నష్టమో ఇక్కడి నూలుతోనే లెక్కకట్టవచ్చు. మంగళగిరి చీరకు వాడే 80వ నంబరు నూలుపోగు మందం మిల్లీమీటరులో సుమారు పదోవంతు. మీటరు ఎత్తున్న దిమ్మె తల ఒక్క పోగు మందం మేర పక్కకు వాలితే, టెలిస్కోపు చూపు సుమారు 20 వికలలు, అనగా డిగ్రీలో 3,600వ వంతులు ఇరవై, పక్కకు తప్పుతుంది. ఆకాశంలో గురుగ్రహ బింబం వెడల్పు సుమారు 40 వికలలే కనుక, సగం గురుడు ఎగిరిపోయినట్లే లెక్క.

అదురును తగ్గించే సూత్రాలు కష్టమైనవేమీ కావు. దిమ్మె ఎత్తు సగానికి తగ్గిస్తే అది వంగే గుణం ఎనిమిదో వంతుకు, దిమ్మె ఇనుప గొట్టమైతే దాని వ్యాసాన్ని, రేకు మందాన్ని రెట్టింపు చేస్తే పదహారో వంతుకు తగ్గుతుంది. ఆ గొట్టంలో ఇసుక నింపితే బలం పెద్దగా పెరగదు గాని, తట్టినప్పుడు గంటలాగా మోగే గుణం చస్తుంది. విచిత్రమేమంటే, పునాదికి బస్తాల కొద్దీ సిమెంటు పోసినవారే, మట్టసం సరిచూసుకొనే వీలు కోసం టెలిస్కోపును మోసే పైపలకను జానెడు పొడవైన మూడు సన్నని బోల్టుల మీద నిలబెడతారు. అక్కడితో కింది శ్రమంతా వృథా. పైపలకను వీలైనంత కిందికి దించి బిగించడం ఖర్చులేని మొదటి చికిత్స.

దిమ్మె నిలిపే ఈ విద్యకు తెలుగువారితో సంబంధమున్న పాత సాక్ష్యం ఒకటి చెన్నై నుంగంబాక్కంలో ఉన్నది. 1792లో అక్కడ నెలకొల్పిన మద్రాసు వేధశాల కోసం మైఖేల్ టాపింగ్ అనే సర్వేయరు సుమారు పది టన్నుల ఏకశిలా నల్లరాతి స్తంభాన్ని నిలిపి, తారలు మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని కొలిచే పరికరాన్ని దాని మీద ఉంచాడు. కృష్ణా, గోదావరుల నీటిని సేద్యానికి మళ్లించే అవకాశాలను కూడా పరిశీలించిన ఆయన 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు. ఆ స్తంభం నేటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉన్నది. పరికరం లేదు గాని, లాటిన్, తమిళ, ఉర్దూ లిపుల సరసన రాతిలో చెక్కిన తెలుగు అక్షరాలు ఉన్నాయి.