ఎండాకాలం, ఉప్పు, లిథియం

ఎండలు ముదిరాయంటే లిథియం వాడుతున్న పేషెంట్లందరినీ ఒక ప్రశ్న అడుగుతాను: ఉప్పు మామూలుగానే తింటున్నారా? మనసు జబ్బుకీ ఉప్పుకీ ఏం సంబంధమని వింతగా చూస్తారు. లిథియం కూడా లవణమే. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియాన్నీ బయటికి పోనివ్వవు. మోతాదు అదే ఉన్నా రక్తంలో మందు పెరిగిపోతుంది.

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయన బైపోలార్ జబ్బుకు ఏళ్ల తరబడి ఈ మందు వాడుతూ నిలకడగా ఉన్నాడు. అంతకుముందు ఉన్మాదం వచ్చినప్పుడు నిద్ర లేకుండా ఊళ్లు తిరిగి, దొరికినచోటల్లా అప్పు చేసి, ఉన్న అరెకరం అమ్మేశాడు. ఒక మే నెలలో బీపీ ఉందని తేలింది, ఉప్పు మానెయ్యమన్నారు. నడుం నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకుని వారం వేసుకున్నాడు. అదీ లిథియాన్ని ఒంట్లోనే ఆపేసే మాత్ర. ఆపైన యార్డులో చెమటలు.

నా దగ్గరికి తెచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది, అడుగు తూలుతోంది. తాగాడనుకున్నారట చుట్టుపక్కల వాళ్లు. తమ్ముడేమో జబ్బు తిరగబెట్టిందనుకుని ఇంకో లిథియం బిళ్ల ఎక్కువ వేయించాడు. రక్తపరీక్షలో లిథియం స్థాయి 2.1 వచ్చింది. చాలామందికి 0.6 నుంచి 0.8 మధ్య ఉంచుతాం, 1.5 దాటితే ప్రమాదం. మందు ఆపి సెలైన్ ఎక్కించాం. కోలుకున్నాడు.

"ఇక ఆ మందు జోలికే వద్దండీ" అన్నాడు తమ్ముడు. భార్య ఒప్పుకోలేదు. "ఆ బిళ్ల మొదలెట్టాకే మా ఇంట్లో రాత్రిపూట అందరం పడుకున్నామండీ" అంది.

నేను ఆమె పక్షమే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని రాసిన తర్వాత ఎన్నో కొత్త మందులు వచ్చాయి. అయినా ఈ జబ్బులో ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని దీనికున్నంత బలమైన ఆధారం మరో మందుకు లేదు. బాగున్నాం కదా అని ఉన్నట్టుండి మానేసినవాళ్లకు ఉన్మాదం ఎంత త్వరగా తిరిగొస్తుందో చాలాసార్లు చూశాను.

తక్కువ మోతాదుతో మళ్లీ మొదలెట్టాం. బీపీ చూసే డాక్టరుగారితో మాట్లాడాను. ఉప్పు మామూలుగా తిననిచ్చి, లిథియంతో పేచీ లేని అమ్లోడిపిన్ ఇచ్చారు. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు లిథియం పరీక్ష, ఆరునెలలకోసారి కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు. చీటీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చాను: వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్ర ఆపి ఆ రోజే ఫోన్ చెయ్యాలి. నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాల్ ఒక్కటే. ఆయన భార్య ఆ చీటీ తీసుకెళ్లి మందుల షాపతనికి కూడా చదివి వినిపించింది.