వెనకున్నోళ్లకీ ఒకటి దక్కాలి

టోక్యోలో నోగిజాకా మెట్రో స్టేషన్ 6వ గేటు ఎక్కితే నేరుగా జాతీయ కళా కేంద్రానికే చేరతాం. 2020 ఆగస్టు 12 నుంచి నవంబరు 3 దాకా అక్కడ మాంగా ప్రదర్శన పెట్టారు. మాంగా అంటే జపానోళ్ల బొమ్మల కథలు. జులైలో మొదలవ్వాల్సింది, కరోనా వల్ల వెనక్కి పోయింది.

మనకి మిల్లులో షిఫ్టు ఉన్నట్టే అక్కడ చూసేవాళ్లకీ టైము కట్టారు. తారీఖు, గంట ముందే రాయించుకోవాలి. మూతికి మాస్కు, మనిషికీ మనిషికీ ఎడం.

లోపల వెయ్యో వంతు కొలతలో టోక్యో నగరం నమూనా, 22 మీటర్ల పొడుగు! ఆ ఊరు భూకంపానికి కూలడం, యుద్ధంలో కాలడం, మళ్లీ లేవడం బొమ్మల కథల్లో, సినిమాల్లో ఎలా చూపించారో అక్కడ పెట్టారు. ఆ ఏడు మాస్కు కట్టుకుని చూసినోళ్లకి అది ఉత్త కథలా అనిపించి ఉండదు.

ఇలాంటి ప్రదర్శనలకి చివర్న కొట్టు తప్పదు. పోస్టుకార్డులు, బ్యాడ్జీలు, బొమ్మల ఫైళ్లు. గీసిన అసలు కాగితం గోడ మీదే ఉంటుంది, ఇంటికొచ్చేది ఈ చిన్న వస్తువే. అందుకే చాలాచోట్ల మనిషికి ఇన్నే అని లెక్క పెడతారు. లేకపోతే ముందొచ్చినోడు అన్నీ కొనేసి బయట రెట్టింపుకి అమ్ముకుంటాడు.

రేషను లైన్లో నిలబడ్డ మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎడమైనా, లెక్కైనా, వెనకున్న మనిషి కోసమే.