సీరాంపూరు నిప్పు, కలకత్తా కోపం

1812 మార్చి 11వ తేదీ సాయంకాలం సీరాంపూరులోని మిషన్ ముద్రణాలయానికి నిప్పంటుకున్నది. తెల్లవారేసరికి పద్నాలుగు దేశభాషల అచ్చులు కరిగి ముద్దలైనాయి. పన్నెండు వందల రీముల కాగితం బూడిద అయినది. ఆ రాత్రి విలియం కేరీ అక్కడ లేడు. ఫోర్ట్ విలియం కళాశాలలో ఆచార్యుడు కనుక వారంలో కొన్ని దినాలు కలకత్తాలోనే ఆయన బస. మరునాడు సహచరుడు జాషువా మార్ష్‌మన్ వెళ్లి ఆ వార్త చెప్పవలసి వచ్చింది.

కాలిపోయిన వ్రాతప్రతులలో ఏళ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు ఉన్నది. తెలుగు వ్యాకరణమూ ఉన్నది. యాభై ఏళ్ల వయస్సులో ఒక అనువాదకునికి ఇంతకు మించిన దెబ్బ ఏముంటుంది? అయినా కేరీ కుంగిపోలేదు. అక్షరాలు పోతపోయడానికి కావలసిన ఉక్కు ముద్రలు అదృష్టవశాత్తు మిగిలినాయి. కరిగిన లోహంతోనే తిరిగి అచ్చులు పోశారు. కేరీ మళ్లీ మొదటి పుట నుంచి ఆరంభించాడు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది. నిప్పు మీద ఎవరికి మాత్రం పగ ఉంటుంది?

పగ పుట్టించే గాయం తరువాత తగిలింది, అదీ స్వజనం చేతిలో.

1815లో ఇంగ్లండులో ఆండ్రూ ఫుల్లర్ మరణించాడు. సంఘ కార్యదర్శిగా సీరాంపూరువారిని నమ్మి స్వేచ్ఛగా పనిచేయనిచ్చిన మిత్రుడాయన. తరువాతి కమిటీవారు సీరాంపూరు ఆస్తిపై అధికారం తమకుండాలన్నారు. అంతలో వయస్సులో చిన్నవారైన మిషనరీలు పెద్దల పెత్తనం సహించలేక కలకత్తాకు విడిపోయి, 1818లో అక్కడ వేరే ముద్రణాలయం పెట్టారు. వారెవరు? ఒకడు కేరీ అన్న కుమారుని వంటివాడు కాదు, సాక్షాత్తు తమ్ముని బిడ్డ, యూస్టేస్ కేరీ. ఒకడు కేరీ వద్ద సంస్కృతం నేర్చిన విలియం యేట్స్. మరొకడు కేరీ ప్రాణమిత్రుడు శామ్యూల్ పియర్స్ కుమారుడు. సీరాంపూరు పెద్దలు సొమ్ము కూడబెట్టుకుంటున్నారన్న నింద ఇంగ్లండు దాకా ప్రాకింది. కళాశాల నెలకు వెయ్యి రూపాయలు జీతమిస్తే, ఇంటి ఖర్చుకు కొద్దిపాటి ఉంచుకొని తక్కినదంతా ఉమ్మడి నిధిలో వేసిన మనిషికి ఈ మాట ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కేరీకి కోపం వచ్చింది. ఈ సంగతిని భక్తులు వ్రాసే చరిత్రలు కొంత మెత్తగా దాటవేస్తాయి గాని, ఆయన ఉత్తరాలలో ఆ వేడి కనబడుతూనే ఉన్నది. తనను అన్నదానికన్నా మార్ష్‌మన్‌ను అన్నదానికే ఆయన ఎక్కువ మండిపడ్డాడు. సూర్యుడస్తమించేలోగా కోపం విడువమని పౌలు ఎఫెసీయులకు చేసిన హితబోధను 1801 నాటికే బెంగాలీలో అచ్చువేసినవాడు కేరీ. అనువదించడం ఒకటి, ఆచరించడం ఒకటి. ఆయన సూర్యుడు అస్తమించడానికి సంవత్సరాలు పట్టింది.

అయినా అస్తమించాడు. 1820 ప్రాంతాన కలకత్తా యువకులకూ సీరాంపూరు పెద్దలకూ మధ్య రాకపోకలు, స్నేహం తిరిగి ఏర్పడినాయి. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న లెక్క తేలిన మీదట కుదిరిన సఖ్యం కాదది. లెక్క తేలనే లేదు. వేరు ముద్రణాలయం వేరుగానే నడిచింది. లండను కమిటీతో తగవు ఇంకా ముదిరి 1827లో పూర్తిగా తెగిపోయింది. ఆస్తి విషయంలో కేరీ తన పట్టు విడువలేదు. ద్వేషాన్ని విడువడానికి వాదాన్ని కూడా విడువనక్కరలేదని ఆయన తలచినట్లున్నది. ఈ భేదం తెలియకనే చాలామంది క్షమాపణను పిరికితనమనుకొని దానికి దూరంగా ఉంటారు.

పని మాత్రం ఆగలేదు. 1818లో, వైరం రగులుతున్న సంవత్సరంలోనే, సీరాంపూరు నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది.

1834 జూన్ 9న కేరీ కన్నుమూశాడు. సమాధిపై తన పేరు, తేదీలు, తనను నిస్సహాయునిగా చెప్పుకొనే ఒక కీర్తన పాదం తప్ప మరే ప్రశంసా చెక్కించవద్దని ముందే చెప్పి ఉంచాడు. మూడేళ్లకు, 1837లో, లండను సంఘమూ సీరాంపూరూ తిరిగి ఏకమైనాయి. దానికి ముందు ఏడాదే ఆయన జీవిత చరిత్ర ఒకటి అచ్చయింది. వ్రాసినవాడు యూస్టేస్ కేరీ.