పొద్దుటి పొగ

పాత బండి కొనబోయినవాళ్లు సీటు గుడ్డ చూస్తారు, టైర్లు తన్ని చూస్తారు, రంగు చూసి మురిసిపోతారు. మా మేనమామ మాత్రం సైలెన్సర్ వెనక నిలబడతాడు. జడ్చర్ల దగ్గర బెంగళూరు రోడ్డు పక్కన ముప్ఫయ్యేళ్లు లారీలు విప్పి బిగించిన మనిషి. రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేస్తే వచ్చే పొగ ఉంది చూశారూ... ఆయన లెక్కలో అదే బండి జాతకం. అదీ ఒక్క నిమిషమే! ఇంజన్ వేడెక్కిందంటే సగం రోగాలు దాక్కుంటాయి.

అందులో మాయేం లేదు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు కాస్త ఎక్కువ. పైనున్న ఆయిలు రాత్రంతా వాల్వుల పక్కనుంచి బొట్టుబొట్టుగా కిందికి జారుతుంది. హెడ్ గ్యాస్కెట్ సన్నగా చిట్లి ఉంటే నీళ్లు లోపలికి ఊరతాయి. వేడెక్కాక లోహం ఉబ్బి చిన్న చిన్న సందులు మూసుకుంటాయి. ఈ సంగతి మనకు తెలియకపోయినా అమ్మేవాడికి బాగా తెలుసు.

2018లో వానాకాలానికి ముందు మా అక్కా బావా పాత ట్రాక్టర్ ఒకటి కొందామనుకున్నారు. వాళ్లది దేవరకొండ పక్కన పల్లె. రెండేళ్ల పత్తి డబ్బులు, అక్క నగలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కలిపితే మూడు లక్షలు. అది పోతే మళ్లీ కూడే డబ్బు కాదు. అందుకే మామను వెంటబెట్టుకుని వెళ్లాం.

మొదటి బండి కొత్త పెళ్లికొడుకులా ఉంది. ఎర్రరంగు, కొత్త సీటు, బానెట్ మీద పూలదండ. మేం వెళ్లేసరికే ఇంజన్ ఆడుతోంది. సైలెన్సర్ నుంచి పొగ ఆనవాలే లేదు. బావ ముఖం వెలిగిపోయింది. మామ మాత్రం ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

“బాగ కాలింది అల్లుడా. ఇయ్యాల మనం చూసేదేం లేదు” అని, యజమాని వైపు తిరిగి “రేపు పొద్దుగాల వస్తం పటేలా. మేమొచ్చేదాక బండిని ముట్టొద్దు” అన్నాడు.

మర్నాడు ఆరు గంటలకే వెళ్లాం. సెల్ఫ్ కొట్టగానే తెల్లటి పొగ గుప్పుమంది. తెలుపు చూసి భయపడనక్కర్లేదు. చలికాలం పొద్దున సైలెన్సర్‌లోని తేమ ఆవిరై తెల్లగానే వస్తుంది, గాలిలోకి వచ్చీ రాగానే కరిగిపోతుంది. డీజిల్ బండికయితే చల్లటి ఇంజన్‌లో సరిగా కాలని డీజిల్ కూడా తెల్లపొగే. అది కళ్లను మండిస్తుంది, పచ్చి డీజిల్ వాసనేస్తుంది, వేడెక్కాక తగ్గిపోతుంది. తగ్గకపోతే నాజిల్‌నో పంపు టైమింగ్‌నో కంప్రెషన్‌నో అనుమానించాలి. ఈ బండి పొగ ఐదు నిమిషాలైనా ఆగలేదు. ఘాటూ లేదు. స్టార్ట్ చేయకముందే మామ రేడియేటర్ మూత తీసి ఉంచాడు (వేడి మీద ఆ మూత ముట్టుకుంటే మొహం కాలుతుంది, పిల్లలకు తప్పక చెప్పండి). లోపల నీళ్లలో అన్నం ఉడుకుతున్నట్టు బుడగలు! డిప్‌స్టిక్ లాగితే ఆయిలు నల్లగా లేదు, పాలు కలిపిన టీలా ఉంది. నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయన్నమాట. గ్యాస్కెట్ ఒక్కటే పోయిందో, హెడ్డే పగిలిందో విప్పితేగానీ తెలియదు.

దీనికి మన నీళ్లకూ సంబంధం ఉంది. నల్గొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది మనిషి ఎముకల సంగతి. ఇంజన్‌ను చంపేది నీళ్లలోని సున్నపు ఉప్పులు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే కడుతుంది. వేడి బయటికి పోదు. దుక్కి మీద ఇంజన్ మరిగిపోతుంది, హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. బోరు నీళ్లు బక్కెట్టుతో తెచ్చి రేడియేటర్‌లో పోసే అలవాటు మన ఊళ్లలో ఎంత మామూలో! కంపెనీ చెప్పిన కూలెంటు లీటరుకు అయ్యే ఖర్చు, హెడ్ పని ముందు ఏపాటి?

రెండో బండి కల్వకుర్తి దారిలో దొరికింది. రంగు వెలిసిపోయింది, సీటు చిరిగింది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే ముందు కాస్త నీలం, ఆ తర్వాత నల్లటి పొగ. “ఇదింకా అధ్వానం, పోదాం పదండి” అని అక్క చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మామ కదల్లేదు.

నీలం పొగంటే ఆయిలు కాలుతోందని. స్టార్టింగ్‌లో ఒక్క దమ్ము వచ్చి ఆగితే రాత్రి వాల్వుల దగ్గర జారిన ఆయిలు, చిన్న పని. రేజ్ చేసినప్పుడల్లా వస్తుంటే రింగులు, లైనర్లు అరిగినట్టే, అక్కడ జేబు చూసుకోవాలి. పాత టూ స్ట్రోక్ స్కూటర్లకు ఈ లెక్క వర్తించదు, వాటికి పెట్రోల్‌లోనే ఆయిలు కలిపేవాళ్లం కదా. అన్నట్టు, మన పాలమూరు, నల్గొండ చెల్కల్లో పండే ఆముదానికీ ఈ పొగకూ చుట్టరికముంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజన్ల విమానాలకు ఆముదమే కందెన. క్యాస్ట్రాల్ అన్న పేరు 1909లో వచ్చింది కూడా ఆముదం ఇంగ్లిష్ పేరు నుంచే.

ఆ బండికి నీలం ఒక్క దమ్ముతో ఆగిపోయింది. నలుపు మాత్రం ఆగలేదు. నలుపంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. మామ ఎయిర్ క్లీనర్ కింది గిన్నె విప్పాడు. పాత ట్రాక్టర్లకు ఆ గిన్నెలో ఆయిలు పోస్తారు, దుమ్ము అందులో పట్టుకుంటుంది. దాంట్లో ఆయిలేదీ? ఎర్రమట్టి హల్వాలా గడ్డకట్టింది! గిన్నె కడిగి, జాలీ డీజిల్‌లో జాడించి, కొత్త ఆయిలు పోసి మళ్లీ స్టార్ట్ చేస్తే పొగ పలచబడిపోయింది. రేడియేటర్‌లో బుడగల్లేవు, డిప్‌స్టిక్ మీద ఆయిలు శుభ్రం. నల్లపొగ చూపించి పాతికవేలు తగ్గించడం బావ పని. నాకది కాస్త అన్యాయంగానే తోచింది గానీ, నగలు నావి కావు.

ఈ కనుచూపు వైద్యం అన్ని బండ్లకూ కుదరదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త డీజిల్ కార్ల సైలెన్సర్‌లో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. లోపల మసి పేరుకుంటున్నా బయట నల్లపొగ కనబడదు. వాటికి డ్యాష్‌బోర్డు లైటే దిక్కు. ఇంకొక్క మాట... పొగ పరీక్ష షెడ్డు తలుపులు మూసి చేయొద్దు. ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

అక్క నగలు రెండేళ్లకు ఇల్లు చేరాయి. ట్రాక్టర్ ఇంకా నడుస్తోంది. ఎర్ర చెల్కలో దుక్కి దున్నే రోజుల్లో బావ రోజూ సాయంత్రం ఆ గిన్నె విప్పి, అడుగున చేరిన మట్టిని అక్కకు చూపిస్తాడు. “ఇదంత ఇంజన్ తినేదే!” అంటాడు. ఆమె అన్నం వడ్డించిందని గుర్తుచేస్తుంది.